బావలిద్దరూ ఓడని ఆట

పోయిన వేసవిలో బంధువుల పెళ్ళికని కడప పోయాను. ముహూర్తానికి ఇంకా చాలా సేపుంది. కల్యాణ మండపంలో ఫ్యాను కింద కుర్చీ ఒకటి సంపాదించుకుని, కండువాతో మెడ తుడుచుకుంటూ కూచుంటే, పక్కన ఇద్దరు పిల్లకాయలు అయస్కాంతం ముక్కల చదరంగం పెట్టుకుని ఆడుతున్నారు. గంట పైనే ఆడారు. చివరకు బోర్డు మీద రెండు రాజులు తప్ప ఏమీ మిగల్లేదు. ఇద్దరూ చేతులు కలుపుకుని నవ్వుకున్నారు. "ఎవరు గెలిచినార్రా?" అని అడిగాను. "డ్రా తాతా. ఇద్దరమూ గెలిచినట్టే" అన్నాడు కళ్ళద్దాల పిల్లవాడు. నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను. ఆ పిల్లవాడి తప్పేమీ లేదు, వాడికి ఎవరో అట్లా నేర్పి ఉంటారు. నాకు తెలిసిన డ్రాలో మాత్రం ఆడిన ఇద్దరూ గెలిచి, ఒక్క ఎత్తు కూడా ఆడని మా అమ్మ ఓడిపోయింది. ఆ రోజు పంక్తిలో ఓళిగలు వడ్డిస్తున్నా నా మనసు బుగ్గవంక ఇసుకలోనే తిరుగుతూ ఉండింది.

బుగ్గవంక కడప ఊరి నడుమ పోతుంది. మా ఇల్లు వంకకు ఈ పక్క, కోర్టుకు దగ్గర. మా అమ్మ పుట్టిల్లు ఆ పక్క. వాన పడిన నాలుగు రోజులు తప్ప ఏడాదంతా అందులో ఉండేది ఇసుకే. మా పెరట్లో గుడ్డలుతికే బండ మీద నిలబడి చూస్తే అవ్వ వాళ్ళ మిద్దె కనబడేది. మాపటేల ఆ మిద్దె గవాక్షిలోంచి పొగ లేస్తే, "మా అమ్మ ఎసరు పెట్టింది" అనేది అమ్మ. పొగ ఆలస్యమైతే ఆ పూట ఏ పని చేస్తున్నా మధ్యలో లేచి పోయి బండెక్కి చూసి వచ్చేది. అంత దగ్గర. నడిస్తే, పొయ్యి మీద పెట్టిన పాలు పొంగకముందే పోయి రావచ్చు. ఆ కొంచెం దూరాన్ని మా అమ్మ రెండేళ్ళపాటు దాటలేకపోయింది.

మా నాయన ప్లీడరు. సన్నగా పొడుగ్గా ఉండి, మే నెల ఎండలో కూడా నల్లకోటు గుండీ విప్పని మనిషి. పొద్దున్నే బావి దగ్గర నీళ్ళు పోసుకుని, విభూతి పెట్టుకుని, అమ్మ వడ్డించిన సంగటి ముద్దను నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగానికి ఇంత ఊరిబిండి పచ్చడి అద్దుకుని, తల వంచుకుని తినేవాడు. గట్టిగా మాట్లాడ్డం నేను ఎప్పుడూ వినలేదు. ఓడిపోయిన కక్షిదారు వచ్చి తిట్టిపోసినా "కూచో అప్పా, మజ్జిగ తాగు" అనేవాడు. ఊళ్ళో ఆయనకు మర్యాదస్తుడని పేరు. మామ, అంటే మా అమ్మకు అన్న, దానికి పూర్తి విరుద్ధం. పొట్టిగా గుండ్రంగా ఉండి, ఏం మాట్లాడినా వీధి చివరికి వినబడేది. కోయిలకుంట్ల వైపు నుంచి వచ్చే శనక్కాయల బండ్లు ఆయన వాకిట్లోనే ఆగేవి. ఆయన దగ్గరికి పోతే పచ్చి శనక్కాయల మట్టి వాసన, నశ్యం వాసన కలిసి వచ్చేవి. ఆయనకూ ఊళ్ళో మర్యాదస్తుడనే పేరు. ఇప్పటికీ ఎవరినైనా నా ముందర మర్యాదస్తుడని పొగిడితే, ఒకసారి వాళ్ళింట్లో ఆడవాళ్ళను అడిగి వచ్చి మాట్లాడమని చెప్పాలనిపిస్తుంది.

ఇద్దరూ ఒకరినొకరు 'బావా' అని పిలుచుకునేవాళ్ళు. ఇద్దరికీ చదరంగం పిచ్చి. మామ ఇంటి అరుగు మీద పరిచిన నల్ల బండల్లో ఒకదాని మీద మా తాత ఎప్పుడో ఉలితో గళ్ళు కొట్టించాడు. ఆదివారం భోజనాలయ్యాక ఆ బండకు అటూ ఇటూ కూచుంటే, దీపాలు పెట్టేదాకా లేచేవాళ్ళు కాదు. లోపల అమ్మ, అవ్వ తలలు దువ్వుకుంటూ, వక్కలు దంచుకుంటూ మాట్లాడుకునేవాళ్ళు. ఆ ఆదివారాలు ఆ ఇద్దరు ఆడవాళ్ళవే గాని ఆ ఇద్దరు మొగవాళ్ళవి కావని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆటలో ఎవరూ ఎవరికీ తీసిపోయేవాళ్ళు కాదు. ఈ వారం ఈయన గెలిస్తే పై వారం ఆయన. చదరంగం ముక్క ఒక్కటీ తెలియని అమ్మ, మామ నశ్యం డబ్బీ తట్టే చప్పుడు విని "మా అన్న ఇరుక్కున్యాడు" అనేది. నాయన చెవి తమ్మె లాగుకుంటుంటే "ఇంగ ఈయన పని అయిపోయింది" అనేది. ఎప్పుడూ తప్పు పోలేదు.

ఆ బండ మీద ఆడేది మా వైపు నాటు ఆట. అందులో బంటు ఎప్పుడూ ఒక్క గడే కదులుతుంది. రాజుకు ఒక సౌకర్యం ఉంది. తనకు ఇంకా ఒక్కసారి కూడా షా, అంటే చెక్, పడకుండా ఉంటే, ఆటలో ఒకే ఒక్కసారి గుర్రం మాదిరి దూకవచ్చు. ఊళ్ళో క్లబ్బు పెట్టిన తర్వాత అక్కడ ఇంగ్లీషు ఆట వచ్చింది. అందులో రాజు గుర్రం మాదిరి ఎప్పుడూ దూకడు, ఏనుగుతో కలిసి కోట కట్టేటప్పుడు తప్ప ఒక్క గడే జరుగుతాడు. పైగా ముట్టుకున్న ముక్కనే ఆడాలి, వెనక్కి తీసుకోవడం లేదు. నాయనా మామా ఇద్దరూ క్లబ్బులో చేరి ఆ ఆట కూడా బాగా నేర్చుకున్నారు. అయితే చిన్నప్పటి నుంచి బండ మీద పెరిగిన చేతులు అంత తొందరగా మారవు. ఒక ఆదివారం అరుగు మీద ఆట బిగిసిన సమయంలో మామ రాజును ఎత్తి దూకించాడు. నాయన చెవి లాగుకుంటూ, "ఈ మధ్య మనం ఇంగ్లీషు ఆటే ఆడుతుండామే బావా, రాజు ఎట్ల దూకుతాడు?" అన్నాడు. మామ నవ్వి, "బండ మీద నాటు ఆటేలే బావా" అన్నాడు. "ఆ మాట ముందే అనాల గదా" అని నాయన. ఇట్లా మొదలై మెల్లగా మాటా మాటా పెరిగింది. మామ, "మా అరుగు మీద కూచోని మా ఆటనే తప్పు పడతాండావా?" అనేశాడు. నాయన ఎప్పటిలాగే గొంతు పెంచలేదు. చెప్పులు వేసుకుని, "నీ అరుగు నీకే ఉండనీ. నేను మళ్ళా దీని మీద కాలు పెట్టను" అని చెప్పి, లోపలున్న అమ్మను పిలిచి ఇంటికి బయలుదేరదీశాడు. అమ్మ సగం అల్లిన జడతోనే వచ్చింది.

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. పెళ్ళయిన ఆడమనిషి పుట్టింటికి తనంతట తాను పోయేది కాదు. అన్నో తమ్ముడో పూలూ పండ్లూ పట్టుకుని వచ్చి, అరుగెక్కి, "మా చెల్లెల్ని పంపించు బావా" అని అడగాలి. మొగుడు, "పిల్చుకపో బావా" అనాలి. ఒకే ఊరైనా అంతే, పక్క వీధైనా అంతే. మొగుడు వెంటబెట్టుకుని పోతే సరే, అప్పుడు పిలుపుతో పని లేదు. ఇవేవీ లేకుండా ఆడమనిషి ఒంటిగా పుట్టింటి గడప తొక్కిందంటే మొగుడు తరిమేసినట్టే లెక్క. ఇక ఇప్పుడు నాయన ఆ అరుగు ఎక్కడు కాబట్టి తీసుకుపోడు. అరుగు ఎక్కనన్న మనిషి అరుగు తాను మాత్రం ఎందుకెక్కాలని మామ పిలవడానికి రాడు. నేను పదిహేడేళ్ళవాణ్ణి, చెల్లెలి కొడుకును, నాకు ఏ అడ్డూ లేదు. రోజూ వంక దాటి పోయి వచ్చేవాణ్ణి. నాయనను అడిగితే, "ఆ మనిషి వచ్చి పిలిస్తే నేను వద్దంటానా?" అనేవాడు. మామను అడిగితే, "మీ నాయన పంపిస్తే నేను వద్దంటానా?" అనేవాడు. ఇద్దరికీ అభ్యంతరం లేదు. ఇద్దరూ ఎంత మంచివాళ్ళంటే, వాళ్ళ మంచితనం నడుమ మా అమ్మకు తిరగడానికి కూడా చోటు లేకపోయింది.

ఆ రెండేళ్ళూ అమ్మా అవ్వా ఒక గిన్నెతో మాట్లాడుకున్నారు. పొద్దున అమ్మ మూతగిన్నెలో ఏదో ఒకటి పెట్టి నా చేతికిచ్చేది. ఉగ్గాని గానీ, పప్పుచారు గానీ, మామిడికాయ పచ్చడి గానీ. గిన్నెను ఉత్తగా తిరిగి పంపించే అలవాటు మా వాళ్ళలో లేదు. అవ్వ అందులో పిడికెడు వేయించిన శనక్కాయలు, నాలుగు చింతకాయలు, మరువం కొమ్మ, ఏదో ఒకటి వేసి పంపించేది. ఇంటికి రాగానే అమ్మ మూత తీసి ముందు వాసన చూసేది. మరువం పెడితే అవ్వకు మనసు బాగుందని, వాము పొడి పెడితే నాకు దగ్గుందని అవ్వ కనిపెట్టిందని, ఇట్లా అన్నిటికీ అర్థాలు చెప్పేది. ఎండలు ముదిరే కాలంలో ఒకరోజు గిన్నె తెచ్చి ఇచ్చాను. అమ్మ మూత తీసి చూసి, మళ్ళీ మూత పెట్టి, మళ్ళీ తీసింది. లోపల ఏమీ లేదు. కడిగి తుడిచి కూడా లేదు. "మా అమ్మ లేచిందా?" అని అడిగింది. నేను గడప దగ్గరే గిన్నె మార్చుకుని వచ్చానని, అత్త ఇచ్చిందని చెప్పాను. అమ్మ గిన్నెను ఒడిలో పెట్టుకుని గోడకు ఆనుకుని కూచుంది. ఆ రోజు మళ్ళీ పోయి లోపలికి వెళ్ళి చూశాను. అవ్వ కాలు చెయ్యి వాచి, మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. నన్ను చూసి, "మీ యమ్మను ఎప్పుడు పంపిస్తారంట?" అంది. వైద్యుడు మామను పక్కకు పిలిచి, ఇంక మందు కన్నా మనుషులు దగ్గరుండడం మంచిదని చెప్పిపోయాడట. ఆ మాట నేను ఇంటికి తెచ్చాను. నాయన చేతిలోని కాగితాలు మడిచి పక్కన పెట్టాడు. తర్వాత, "ఇంత జరుగుతాండా ఆ మనిషికి వచ్చి ఒక్క మాట చెప్పేదానికి కాళ్ళు రాలేదే" అన్నాడు. అప్పుడు నిజంగానే ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి. ఆ నీళ్ళ వల్ల అమ్మకు ఏమీ ఒరగలేదు.

అదే వారం క్లబ్బులో చదరంగం పోటీ ఆఖరికి వచ్చింది. అందరూ ఓడిపోయి మా నాయన, మామ మిగిలారు. ఇదేమీ వింత కాదు, ఏ ఏడైనా వాళ్ళే మిగిలేవాళ్ళు. క్లబ్బు పెద్ద ఖాదర్ సాహెబు అని, పని మానుకున్న తాసీల్దారు. తెల్లటి గడ్డంతో, ఎప్పుడూ అత్తరు వాసనతో ఉండేవాడు. ఆయనకు ఈ గొడవంతా తెలుసు. ఇద్దరినీ పిలిచి అందరి ముందరా అన్నాడు: "చూడండప్పా, నాకు శానా వయసైంది, మీ కొట్లాట చూడలేను. ఈ ఆటలో ఓడినోడు గెలిచినోని అరుగెక్కాల. అన్న ఓడితే పోయి చెల్లెల్ని పిల్చుకరావాల. ప్లీడరు ఓడితే ఆయమ్మను తానే తోడుకోని పోవాల. ఒప్పుకుంటారా?" ఇద్దరూ ఒప్పుకున్నారు. వాళ్ళు ఎందుకు ఒప్పుకున్నారో నాకు తెలుసు. ఎవరికి వాళ్ళకు తాము ఓడమని నమ్మకం. ఎత్తుల మీద తగాదా వస్తే తీర్పు చెప్పడానికి ఇద్దరికీ కావలసినవాణ్ణని నన్ను మధ్యస్థుడిగా కూచోబెట్టారు. ఇంటికి వచ్చి ఈ ఒప్పందం చెప్పగానే అమ్మ ముఖం తేటపడింది. ఎన్నాళ్ళకో అట్లా చూశాను. పెట్టెలోంచి జరీ అంచు చీర తీసి ఎండలో వేసింది. "ఎవురు ఓడినా సరేనా?" అని రెండుసార్లు అడిగింది. "ఎవురు ఓడినా సరేమ్మా" అన్నాను. "అట్లయితే ఇంగేముండాది! ఆటంటే ఎవురో ఒకరు ఓడాల గదా" అంది. నేను బయటికి పోయాను. డ్రా అని ఒకటుంటుందని అమ్మకు చెప్పడానికి నోరు రాలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం క్లబ్బు హాల్లో కాలు పెట్టేందుకు చోటు లేదు. కిటికీలకు వట్టివేళ్ళ తడకలు కట్టి నీళ్ళు చల్లారు. ఆ తడి వాసన, మనుషుల చెమట, సాహెబు అత్తరు అన్నీ కలిసి ఊపిరాడనివ్వలేదు. ఇద్దరూ ముఖాలు చూసుకోకుండా బల్లకు అటూ ఇటూ కూచున్నారు. నాయనవి తెల్లవి, మామవి నల్లవి. నేను మధ్యలో స్టూలు మీద. ఎవరు ఓడితే నాకు ఇష్టమో తేల్చుకోలేక, ముక్క పోయినప్పుడల్లా, అది ఎవరిదైనా సరే, లోపల సంతోషపడ్డాను. కొడుకుగా నేను కోరుకోవలసింది నాయన గెలుపేమో. నిజం చెప్పాలంటే ఆ ఇద్దరిలో ఎవరో ఒకరు మట్టి కరిచి, మా అమ్మ ఆ ఇసుక దాటితే చాలుననుకున్నాను. ఆట మాత్రం త్రాసు మాదిరి ఎటూ వంగలేదు. ఈయన ఏనుగు పోతే ఆయన ఏనుగు పోయింది. మంత్రులు ఒకదాన్నొకటి తిన్నాయి. మామ నశ్యం డబ్బీ తట్టాడు, నాయన చెవి లాగుకున్నాడు, మళ్ళీ సర్దుకున్నారు.

ఎండ తగ్గుతుండగా నాయన ఒక ఎత్తు వేసి చేతులు కట్టుకున్నాడు. నేను బోర్డు మీదికి వంగి చూశాను. మామ రాజు చివరి వరసలో తన మూడు బంట్ల వెనక ఉన్నాడు. నాయన శకటు ఒకటి ఏటవాలుగా దూరం నుంచి రాజుకు ఒక పక్క దారి మూసేసింది. పై ఎత్తులో నాయన ఏనుగు ఆ చివరి వరసకు దిగితే ఆటకట్టు. మామకు తప్పించుకునే దారి ఒకటే. అంచున ఉన్న బంటును ఒక్క గడి ముందుకు తోస్తే రాజుకు ఊపిరాడే సందు దొరుకుతుంది. ఏమంత కష్టమైన ఎత్తు కాదు, మామ రోజూ చూసేదే. కానీ రెండు గంటల ఉక్కపోతలో, ఆ బిగువులో, మామ చెయ్యి బుద్ధి మాట వినలేదు. రాజుకు ఇంకా ఒక్క షా కూడా పడలేదు. చెయ్యి నేరుగా రాజు మీదికి పోయింది, ఎత్తింది, బంట్ల మీదుగా గుర్రం మాదిరి దూకించి పెట్టింది. తాత కొట్టించిన బండ మీద నలభై ఏళ్ళు ఆడిన చెయ్యి అది. హాలంతా ఒక్కసారి గాలి పీల్చుకున్నట్టయింది. మామ ఇంకా రాజు మీంచి వేలు తీయకముందే తన తప్పు తెలుసుకున్నాడు. ముఖం నల్లబడింది.

అందరూ నన్ను చూశారు. నేను స్టూలు మీంచి లేచాను. "ముట్టినారు మామా. రాజునే ఆడాల" అన్నాను. రాజుకు మిగిలిన గడి ఒక్కటే, మూలది. ఆ మూలకు పోతే ఆటకట్టు తప్పదు. అంటే మామ ఓడిపోయాడు. అంటే రేపు పొద్దున మామ పూలూ పండ్లూ పట్టుకుని మా అరుగెక్కుతాడు. మామ తల ఊపి, "నిజమేరా. ముట్టినా" అని రాజును తీసుకుని మూల గడి వైపు చెయ్యి చాచాడు. నేను ఎండలో వేసిన జరీ అంచు చీరను తలచుకుంటున్నాను. అప్పుడు మా నాయన అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు బావా" అన్నాడు. రెండేళ్ళ తర్వాత మళ్ళీ విన్న పిలుపు అది. హాల్లో ఎవరో 'అబ్బా' అన్నారు. "అది చిన్ననాటి అలవాటు. తప్పు కాదు. అట్ల గెలిచేది నాకొద్దు. వెనక్కి తీసుకో."

"నాయనా, నియమం..." అన్నాను. "గమ్మునుండప్పా" అన్నాడు, నా వైపు చూడకుండా. ఖాదర్ సాహెబు కళ్ళు తుడుచుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. మామ రాజును ఎక్కడిదక్కడ పెట్టి అంచు బంటును తోశాడు. ఆ తర్వాత చాలా సేపటికి, దీపాలు తెచ్చి పెట్టాక, నాయన అలసటతో ఒక ముక్కకు బదులు ఇంకొకటి ముట్టుకున్నాడు. ఆడితే ఏనుగు పోతుంది, ఏనుగు పోతే ఆట పోతుంది. నేను నోరు తెరిచేలోగా మామ, "నాకు కనపడలేదు బావా. నీ ఇష్టం వచ్చింది ఆడు" అన్నాడు. మళ్ళీ చప్పట్లు. నేను ఒక్కణ్ణే చేతులు కలపలేదు. చివరకు బోర్డు మీద రెండు రాజులే మిగిలాయి. డ్రా అని నేనే చెప్పవలసి వచ్చింది. వెండి కప్పు ఆరు నెలలు మా ఇంట్లో, ఆరు నెలలు మామ ఇంట్లో ఉండేట్టు తీర్మానించారు. ఓడినవాడు లేడు కాబట్టి ఎవరూ ఎవరి అరుగూ ఎక్కనక్కర్లేదు. బయట మెట్ల దగ్గర మామ చెప్పులు వేసుకోవడంలో ఆలస్యం చేశాడు. నాయన గొడుగు చంకలో పెట్టుకునే గొడుగు వెతికాడు. నేను ఉండబట్టలేక, "మామా, అవ్వ అడుగుతాండాది గదా..." అన్నాను. మామ నాయన ముఖం వైపు చూశాడు. నాయన మామ ముఖం వైపు చూశాడు. "పిలుస్తాడేమోనని నిలబడినా" అని నాయనా, "పంపిస్తానంటాడేమోనని నిలబడినా" అని మామా తర్వాత నాతో విడివిడిగా చెప్పారు. ఆ రోజు మాత్రం ఇద్దరూ ఒకరికొకరు దండం పెట్టుకుని, చెరొక దారి పట్టారు.

మా ఇంటి అరుగు మీద జనం నిండారు. ఇంత పెద్దమనసు ఈ జిల్లాలోనే చూడలేదని ఒకరంటే, ఇద్దరికిద్దరూ సరిపోయారని ఇంకొకరు. అమ్మ లోపలి నుంచి మజ్జిగ చెంబు తెచ్చి పెట్టి తలుపు పక్కన నిలబడి అంతా విన్నది. వాళ్ళు పోయాక నాయన ముందర వచ్చి నిలబడింది.

"మా అన్న రాజును ముట్టినాడా?" అని అడిగింది.

"ముట్టినాడు."

"ముట్టితే ఆడాలంట గదా. ఆడితే ఓడేవాడంట గదా."

"అట్ల గెలిస్తే ఏం మర్యాద? ఊరు ఊరంతా మెచ్చుకోలేదా?"

"మెచ్చుకున్యారు" అంది అమ్మ. "ఆ కప్పు ఆరు నెల్లకొకసారి వంక దాటి పోయి వస్తాది. నాకు ఆ భాగ్యమన్నా లేకపాయ." అంతే. ఏడవలేదు, అరవలేదు. లోపలికి పోయి, దండెం మీది జరీ చీరను మడత పెట్టి పెట్టెలో వేసి మూసింది. నాయన కప్పును చేతిలో పట్టుకుని చాలా సేపు అట్లాగే కూచున్నాడు. ఆయన దుర్మార్గుడైతే నాకు ఆ పూట కోపం తెచ్చుకోవడం సులువయ్యేది.

ఇప్పుడు మా ఇంట్లో కోడలు అనంతపురంలో ఉన్న పుట్టింటికి పోవాలనుకుంటే సంచి సర్దుకుని, "పోయొస్తా మామయ్యా, ఫ్రిజ్జులో కూర పెట్టినా" అని చెప్పి బస్సెక్కుతుంది. చెప్పిపోతుంది గాని అడిగిపోదు. మొదటిసారి అట్లా పోయినప్పుడు మా ఆవిడ ముఖం ముడుచుకుంది. నేను మాత్రం బస్టాండు దాకా సంచి మోసుకుపోయాను. నన్ను చాదస్తం తగ్గిన ముసలాయన అని మా వాళ్ళు అనుకుంటారు. అనుకోనీ. ఆ రోజుల్లో అన్నీ చెడ్డవీ కావు, ఇప్పుడు అన్నీ మంచివీ కావు. మా కోడలు పుట్టింట్లో రెండు రోజులుంటే ఆ రెండు రోజులూ ఫోనులోనే ఉంటుందట. అమ్మా అవ్వా గిన్నెలో మరువం కొమ్మతో మాట్లాడుకున్నంత మాట ఆ తల్లీకూతుళ్ళు మాట్లాడుకుంటున్నారో లేదో నాకు తెలియదు. కానీ వెళ్ళాలనిపించిన మనిషి వెళ్ళగలగడం ఎంత పెద్ద సంగతో, రెండేళ్ళు బండెక్కి పొగ చూసిన మనిషి కడుపున పుట్టినవాడిగా నాకు తెలుసు. బావలిద్దరూ తర్వాత కలిశారు. అవ్వ పోయిన నాడు నాయన ఆ అరుగెక్కాడు, పాడె మోశాడు. చావు ఇంటికి పిలుపుతో పని లేదు గదా. ఆ తర్వాత చాలా ఏళ్ళు మళ్ళీ అదే బండ మీద ఆడుకున్నారు. ఎవరైనా అడిగితే ఆ క్లబ్బు ఆట గురించే గొప్పగా చెప్పుకునేవాళ్ళు. నేను ఆ కథ ఇద్దరి నోటా చాలాసార్లు విన్నాను. ఇద్దరి కథలోనూ అమ్మ లేదు.

కానీ ఆట ముగిసిన మరునాటి పొద్దు గురించి వాళ్ళు ఎప్పుడూ చెప్పలేదు. అమ్మ వాకిట్లో నీళ్ళు చల్లి, ముగ్గు వేసి, సంగటి వండి మూత పెట్టి, ఇంట్లో కట్టుకునే నేత చీరతోనే అరుగు మీదికి వచ్చింది. చేతిలో పూలు లేవు, పండ్లు లేవు. "నువ్వు నాతో రాప్పా" అంది నాతో. నాయన గడ్డం గీసుకుంటున్నాడు. కత్తి పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగింది.

"పిలిచేదానికి ఎవురొచ్చినారు?" అన్నాడు.

"ఎవురూ రాలేదు."

"పిలవకుండా ఎట్ల పోతావు? వీధిలో అందరూ ఏమనుకుంటారు?"

"తరిమినావని అనుకుంటారు. అనుకోనీ" అంది అమ్మ, మెట్లు దిగుతూ.

వీధిలో ఆడవాళ్ళు బిందెలు దించి చూశారు. కొంగు తల మీదికి లాక్కుని అమ్మ ఎవరి ముఖమూ చూడకుండా నడిచింది. వంక ఇసుక అప్పటికే కాలుతోంది. ఇసుకలో కాలు దిగబడుతుంటే నా భుజం పట్టుకుంది. అవతలి గట్టు ఎక్కేదాకా వదల్లేదు. మామ అరుగు మీద బండ పక్కన కూచుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. నా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని చూశాడు. ఎవరూ లేరు.

"ఎవురు పంపించినారమ్మా?" అన్నాడు. గొంతు చిన్నదైపోయింది.

"నువ్వు పిలవలేదు, ఆయన పంపలేదు. అమ్మ యాడుంది?" అని, ఆయన పక్కనుంచే గడప దాటి లోపలికి పోయింది.

అవ్వ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. అమ్మ మంచం పట్టె మీద కూచుని భుజం మీద చెయ్యి వేసింది. అవ్వ మెల్లగా ఇటు తిరిగింది. కళ్ళకు సరిగా ఆనడం లేదు, చేత్తో అమ్మ ముఖం తడిమి చూసింది. బుగ్గలు, ముక్కుపుడక, జడ. అప్పుడు నవ్వింది. మామ మా వెనకే వచ్చి తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు.

"వచ్చినావా? నిన్ను పిల్చుకొచ్చేదానికి అన్న పోయినాడా?" అంది అవ్వ.

అమ్మ అవ్వ తల కింద దిండు సర్దింది. "వచ్చినాడమ్మా" అంది.

"ఉత్త చేతుల్తో పోలేదు గదా? పూలూ పండ్లూ తీసుకోనే పోయినాడా?"

"తెచ్చినాడు. తట్ట నిండా తెచ్చినాడు."

"అల్లుడేమన్యాడు? మారు మాట్లాడకుండా పంపించినాడా?"

"పంపించినాడమ్మా. నీకు బాగయ్యేదాకా ఉండి రమ్మన్యాడు."

తలుపు దగ్గర మామ పైగుడ్డతో ముఖం కప్పుకున్నాడు. అమ్మ అటు తిరగలేదు. అవ్వ నుదుటి మీది చెమట కొంగుతో తుడుస్తోంది. అవ్వ ఆ చెయ్యిని పట్టుకుని గుండె మీద పెట్టుకుంది.

"ఇద్దరూ శానా మర్యాదస్తులు" అంది. "నీకేం తక్కువమ్మా."

"అవునమ్మా" అంది అమ్మ.